‘ఈ కాలం పిలకాయలు’ నిజంగానే వేరా?

ప్రశ్న: మా అత్తగారు రోజుకొక్కసారైనా ‘ఈ కాలం పిలకాయలకు భయం భక్తి లేదు’ అంటారు. ఇంటర్ చదివే మా పాప ‘నీది వేరే జనరేషన్‌లే అవ్వా’ అని తేల్చేస్తుంది. మధ్యలో నేను. తరానికీ తరానికీ తేడా నిజంగా ఉంటుందా? ఉంటే దాన్ని ఎట్ల కనుక్కుంటారు?
– ఒక గృహిణి, పలమనేరు

జవాబు: ఉంటుంది. అయితే మీ ఇంట్లో ‘జనరేషన్’ పేరు మీద జరిగే వాదాల్లో చాలావాటికి తరంతో పని లేదు. కొన్నింటికి కారణం వయసు, కొన్నింటికి కాలం. ఆ రెంటినీ తీసేశాక మిగిలేదే తరం తేడా. తీసేయడమే కష్టం. అది ఎందుకు కష్టమో, అయినా ఎలా చేస్తారో చెప్పుకుందాం.

ముందు మీ అత్తగారి సంగతి. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, తనకు తోచింది చెబుతున్నారు. అట్లా ఎందుకు తోస్తుందో తెలుసుకోవడానికి అమెరికాలో జాన్ ప్రొట్జ్‌కో, జొనాథన్ స్కూలర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు వేలమంది పెద్దవాళ్లను ప్రశ్నించి, 2019లో ఫలితాలు అచ్చువేశారు. పెద్దలంటే గౌరవం ఎక్కువ ఉన్నవాళ్లు ‘పిల్లల్లో గౌరవం పోయింది’ అన్నారు. బాగా చదివే అలవాటున్నవాళ్లు ‘పిల్లలు పుస్తకం ముట్టడం లేదు’ అన్నారు. అంటే ఎవరికి ఏ గుణం నిండుగా ఉందో, ఆ గుణమే పిల్లల్లో తగ్గినట్టు కనిపిస్తోంది. దానికి వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి ఇది: మనం చిన్నప్పుడు ఎట్లా ఉండేవాళ్లమో మనకు సరిగా గుర్తుండదు, ఇప్పటి మనల్నే వెనక్కి జరిపి చూసుకుంటాం. అరవై ఏళ్ల భక్తి అరవై ఏళ్లకు వచ్చింది. కానీ అది పదహారేళ్లప్పుడే ఉండేదని, తన ఈడువాళ్లందరికీ ఉండేదని అనిపిస్తుంది.

కాబట్టి ‘మా కాలంలో ఎట్లుండె’ అనే మాటను సాక్ష్యంగా తీసుకోవడం కుదరదు. ఆ కాలంలోనే ఎవరైనా అడిగి రాసిపెట్టి ఉండాలి.

సంగటి సంగతి

ఇప్పుడు అసలు చిక్కు. దాన్ని మీ ఊరి సంగటితోనే చూద్దాం.

పలమనేరు మెట్ట నేల. మొగిలి ఘాటు ఎక్కి వస్తే చలి, చింతచెట్లు, ఇప్పుడైతే టమోటా తోటలు. 1945 ప్రాంతంలో పుట్టిన ఒక తాతను ఊహించుకోండి. ఆయన చిన్నతనంలో పూటపూటా రాగి సంగటే. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టాక ఇళ్లల్లో అన్నం కుండ పెద్దదయింది. తాత కొడుకు ఆ అన్నం తిని పెరిగాడు. సంగటి అంటే వాడికి చిన్నచూపు. మనవడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఆదివారం ఊరికొస్తే హైవే మీద హోటల్లో నాటుకోడి పులుసు, రాగి ముద్ద చెప్పి, తినేముందు ఫోటో తీసుకుంటాడు.

1990లో వీళ్లింటికి ఒక పరిశోధకుడొచ్చి ‘ఈ వారం సంగటి తిన్నారా’ అని అడిగాడనుకుందాం. తాత తిన్నాననేవాడు, కొడుకు లేదనేవాడు. ‘తరం మారింది, సంగటి పోయింది’ అని రాసుకొని వెళ్లిపోయేవాడు. అదే ప్రశ్న ఇప్పుడు అడిగితే ముగ్గురూ తిన్నామంటారు. తాత అలవాటు కొద్దీ, కొడుకు షుగరు వచ్చి డాక్టరు చెప్పాడు కాబట్టి, మనవడు ఫ్యాషన్ కాబట్టి. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో రాగులకు వచ్చిన మర్యాద అందరికీ తెలిసిందే.

కొడుకు సంగటికి మళ్లడం వయసు ప్రభావం. యాభై దాటితే ఏ తరం మనిషికైనా షుగరు భయం ఉంటుంది. రాగులకు వచ్చిన మర్యాద కాలం ప్రభావం. అది తాత మీద, మనవడి మీద ఒకేసారి పడింది. మరి తరం ప్రభావం ఎక్కడుంది? బియ్యం ఉడికేటప్పుడు రాగిపిండి పోసి, మూతపెట్టి, దించాక ఉండకట్టకుండా తెడ్డుతో కలిపి ముద్ద చేసే చెయ్యి ఎవరికుందో చూడండి. పదేళ్లకే పొయ్యి దగ్గర నేర్చుకున్న అవ్వకు డెబ్బై ఏళ్లొచ్చినా ఆ చెయ్యి పోదు. ఆ వయసులో చూడని కోడలికి నలభై ఏళ్లొచ్చినా అంత సులువుగా రాదు. పెరిగే వయసులో పడి, ఆ తర్వాత వయసు మారినా కాలం మారినా చెరగని ముద్రనే తరం తేడా అనాలి.

కార్ల్ మన్‌హైమ్ అనే సమాజ శాస్త్రజ్ఞుడు 1928లో తరాల మీద రాసిన వ్యాసంలో చెప్పింది దాదాపు ఇదే. ఒకే ఏట పుట్టినంత మాత్రాన తరం కాదు. యౌవనంలో లోకాన్ని మొదటిసారి సొంత కళ్లతో చూసే వేళ, అందరూ ఒకే పెద్ద మార్పుకు ఎదురుపడితేనే తరం. ఇంకో మాట కూడా అన్నాడు, మనవాళ్లు దాన్ని ఎక్కువగా తలచుకోరు. ఆ మార్పుకు ఎదురుపడ్డవాళ్లు కూడా ఎవరి స్థానాన్ని బట్టి వాళ్లు వేర్వేరుగా తయారవుతారు. పలమనేరులో 1970లో పుట్టిన కోమటి కొట్టు అబ్బాయి, అదే ఏట ఊరి బయట దళితవాడలో పుట్టిన ఆడపిల్ల ఒకే తరం వాళ్లా? పుట్టిన ఏడాది ఒక్కటే.

మూడు ముళ్లు, రెండు కొసలు

వయసు, కాలం, పుట్టిన ఏడాది. ఈ మూడింటి ప్రభావాలను లెక్కలు కట్టి విడదీయవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఎందుకంటే ఇవి మూడు కావు. 2025లో మీ వయసు 45 అని చెబితే మీరు 1980లో పుట్టారని నేనే చెప్పగలను. రెండు తెలిస్తే మూడోది దానంతటదే వచ్చేస్తుంది. ఏ రెండు మారకుండా పట్టుకున్నా మూడోది కదలదు. ఎంత పెద్ద కంప్యూటరైనా, ఎంత పెద్ద సర్వే అయినా ఈ ముడిని లెక్కతో విప్పలేదు. ఎవరైనా విప్పామన్నారంటే, ‘వయసు ప్రభావం ఇంతే ఉంటుందనుకుందాం’ అని ఎక్కడో ఒక ఊహను లోపల పెట్టుకునే విప్పి ఉంటారు. ఆ ఊహ సరైనదా కాదా అన్నది లెక్క చెప్పదు, విషయం తెలిసిన మనిషి చెప్పాలి.

అయితే ముడి విప్పలేకపోయినా, మోసపోకుండా చూసుకోవచ్చు. మొట్టమొదటి నియమం, పదిహేడేళ్ల పాపను అరవై ఏళ్ల అవ్వతో పోల్చకూడదు. అవ్వకు పదిహేడేళ్లున్నప్పటి లెక్క దొరకాలి.

ఆ పని మన దగ్గర జరిగింది

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అనే అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైంది. మూడు వేల మంది పిల్లలు. అందులో వెయ్యిమంది 1994–95లో పుట్టినవాళ్లు, రెండువేల మంది 2001–02లో పుట్టినవాళ్లు. చిత్తూరు జిల్లా అందులో లేదు గానీ మన పక్కనే ఉన్న అనంతపురం, కడప ఉన్నాయి. అవే కుటుంబాల దగ్గరికి కొన్నేళ్లకొకసారి మళ్లీ మళ్లీ వెళ్లారు. ఏడేళ్ల ఎడంతో రెండు గుంపులు ఉండటంలోనే దీని తెలివి ఉంది. పెద్ద గుంపుకు 2006లో పన్నెండేళ్లు, చిన్న గుంపుకు 2013లో పన్నెండేళ్లు. ఇద్దరికీ కొన్ని లెక్కలు ఒకేలాంటివి ఇచ్చారు. వయసొక్కటే, ప్రశ్నలొక్కటే.

2013 పిల్లలే వెనకబడ్డారు. ఆ ఏడేళ్లలో ఇళ్లల్లో డబ్బు పెరిగింది, ప్రైవేటు బడుల్లో చేరేవాళ్లు పెరిగారు, అయినా లెక్కలు తగ్గాయి. ‘చూశారా, మేం అనుకుంటున్నదే’ అని పెద్దవాళ్లు సంబరపడొద్దు. ఈ పోలికలో వయసు ప్రభావం పోయింది, నిజమే. కానీ తగ్గుదల 2001–02లో పుట్టినవాళ్లతో పాటు జీవితాంతం వచ్చేదా, లేక 2013లో బడుల పరిస్థితి అట్లా ఉందా అన్నది ఈ ఒక్క కొలతతో తెలియదు. వాళ్లు పెద్దయ్యాక కూడా అదే తేడా నిలుస్తుందా అని చూడాలి. అందుకే ఇలాంటి అధ్యయనాలు పదేళ్లు, ఇరవయ్యేళ్లు సాగుతాయి.

కాలం దెబ్బ వేరు, తరం మచ్చ వేరు అనడానికి కొవిడ్ మంచి ఉదాహరణ. గ్రామాల్లో పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వే ప్రకారం, దేశం మొత్తమ్మీద రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27 శాతం. బడులు మూతపడి తెరిచాక 2022లో అది 20 శాతానికి కాస్త పైన. 2024లో మళ్లీ 27. ‘చదువు కోలుకుంది’ అని పత్రికలు రాశాయి. కానీ 2024లో మూడో తరగతిలో ఉన్న పిల్లలు వేరు. 2022లో దెబ్బతిన్నవాళ్లు అప్పటికి అయిదో తరగతికి వచ్చారు. చూడాల్సింది వాళ్లను. 2024లో అయిదో తరగతిలో అదే పాఠం చదవగలిగినవాళ్లు 49 శాతానికి దగ్గర. 2018 నాటి అయిదో తరగతిలో 50కి కొంచెం పైన. సర్వే ప్రతిసారీ ఇళ్లను కొత్తగా ఎంచుకుంటుంది కాబట్టి వీళ్లు పేరుపేరునా అదే పిల్లలు కారు, కానీ బ్యాచ్ అదే. ఆ బ్యాచ్ చదవడంలో దాదాపు అందుకుంది. ‘కొవిడ్ తరం’ అని జీవితాంతానికి ముద్ర వేసేవాళ్లు ఇది చూసి కాస్త ఆగాలి.

తిండి పెట్టిన ఊళ్లు

ఒక తరానికి ఒక గుణం ఉందని తేలినా, ఎందుకు అన్న ప్రశ్న మిగులుతుంది. ‘ఈ కాలం పిల్లలు పొడుగు’ అంటాం. ఎందుకు పొడుగు? తిండా, టీకాలా, నీళ్లా? దీనికి తెలుగు నేల మీదే ఒక చక్కటి జవాబు దొరికింది.

1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో ఒక పని జరిగింది. అంగన్‌వాడీ పథకం అందులో సగం ఊళ్లకు అప్పటికే వచ్చింది, మిగతా సగానికి ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకు, చంటిపిల్లలకు రోజూ అదనపు ఆహారం ఇచ్చారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, మరికొందరు పరిశోధకులు 2003–05లో మళ్లీ ఆ పల్లెలకు వెళ్లి, అప్పటికి 13 నుంచి 18 ఏళ్లున్న పిల్లలను కొలిచారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. గుండె, చక్కెరలకు సంబంధించిన కొన్ని పరీక్షలూ కాస్త మెరుగ్గా వచ్చాయి.

14 మిల్లీమీటర్లంటే ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేదు. కానీ దాని విలువ చూడండి. ఒకే ఏళ్లలో పుట్టినవాళ్లు, ఒకే వయసు, పక్కపక్క ఊళ్లు. వయసూ కాలమూ పుట్టుకా అన్నీ ఒకటే. తేడా గిన్నెలో ఉంది. తరం అని మనం గంభీరంగా పిలిచే దాన్ని గట్టిగా పట్టుకొని చూస్తే, చాలాసార్లు ఇట్లాంటి ఒక గిన్నో, ఒక రోడ్డో, ఒక బడో బయటపడుతుంది. తర్వాత ఆ పిల్లల తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా కలుపుకొని ఈ అధ్యయనం కొనసాగింది. మీ ఘాటు దిగితే వచ్చే వేలూరులోనూ 1969–73 మధ్య పట్టణంలో, కె.వి.కుప్పం పల్లెల్లో పుట్టిన వేలాది పిల్లల బరువు, పొడవు సి.ఎం.సి. ఆసుపత్రి వైద్యులు రాసిపెట్టారు. వాళ్లు ముప్పై ఏళ్ల దగ్గరికొచ్చాక మళ్లీ వెతికి పట్టుకొని షుగరు పరీక్షలు చేశారు. ముప్పై ఏళ్ల కిందటి నోటుపుస్తకం లేకపోతే అది జరిగేది కాదు.

పెళ్లి వయసు అబద్ధమాడదు (కొంచెం ఆడుతుంది)

ఎవరినీ ఏళ్లతరబడి వెంబడించకుండానే కొంత తెలుసుకునే దారి ఒకటుంది. ఒకసారి జరిగి, ఇక మారని విషయాన్ని అడగడం. పెళ్లి ఏ వయసులో అయిందన్నది అట్లాంటిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20–24 ఏళ్ల స్త్రీలను ఇది అడుగుతారు. 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 2005–06లో దాదాపు 55 శాతం, 2015–16లో 33, 2019–21లో 29.3. మొదటి సర్వే 1981–86 మధ్య పుట్టినవాళ్ల కథ, చివరిది 1990ల రెండో సగంలో పుట్టినవాళ్ల కథ. వయసొక్కటే కాబట్టి ఈ తేడా గట్టిది. మీ అత్తగారికీ మీ పాపకూ మధ్య నిజమైన తేడా ఎక్కడుందని అడిగితే నేను ముందు ఇక్కడే వేలు పెడతాను. పదిహేడేళ్లకు ఒకరి చేతిలో చంటిబిడ్డ, ఒకరి చేతిలో హాల్ టికెట్. అయితే ఆ అంకెల్లో ఒక మెలిక ఉంది. 2005–06లో ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణతో కలిపి. తర్వాతి రెండూ విడిపోయాక. పేరొక్కటే, నేల వేరు.

పిల్లల సంఖ్య దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. మన రాష్ట్రంలో సంతాన రేటు 1992–93లో 2.6 దగ్గర ఉండి, 2019–21లో 1.7కు దిగింది. దీన్ని ‘ఈ తరం ఒకరిద్దరితో ఆపేస్తోంది’ అని చదువుతారు. కానీ ఆ అంకె ఏ తరానిదీ కాదు. సర్వేకు ముందు మూడేళ్లలో వేర్వేరు వయసుల స్త్రీలకు కలిగిన కాన్పులను కలిపి కట్టిన లెక్క అది. ఒక తరం మొత్తం ఎందరిని కన్నదో తెలియాలంటే ఆ తరం నలభై అయిదు దాటేదాకా ఆగాలి. ప్రభుత్వాలు ఆగవు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన మన దగ్గర 1994లో వచ్చింది, 2024 నవంబరులో దాన్ని ఎత్తేశారు. ముప్పై ఏళ్లలో ప్రభుత్వం మనసే మారిపోయింది. దాన్ని ఏ తరం ఖాతాలో వేద్దాం?

పల్లెలో అడిగితే వచ్చే చిక్కులు

వయసు అడగండి. ‘అరవయ్యో, అరవై అయిదో’ అంటారు. మన జనాభా లెక్కల్లో సున్నాతో, అయిదుతో ముగిసే వయసుల దగ్గర జనం కుప్పగా కనిపిస్తారు. అరవై ఒకటి, అరవై మూడు అనేవాళ్లు తక్కువ. బడి రికార్డు చూద్దామంటే, చేర్పించిన రోజు అయ్యవారు వేసిన తేదీ అది. జూన్ ఒకటినో, జులై ఒకటినో పుట్టినవాళ్లు ఏ ఊళ్లోనైనా లెక్కకు మించి ఉంటారు. పుట్టిన ఏడాదే నమ్మకంగా లేనప్పుడు పుట్టుకను బట్టి తరాలు గీయడం ఎట్లా? అందుకే అనుభవమున్న సర్వేవాళ్లు ‘రెండు రూపాయల బియ్యం వచ్చేనాటికి నీకు పెళ్లయిందా? పెద్దోడు పుట్టినాడా?’ అని సంఘటనలతో వయసును కట్టుకుంటారు.

ఇంకొకటి, ఊళ్లో దొరికేవాళ్లు ఊళ్లో మిగిలినవాళ్లే. పలమనేరులో పాతికేళ్ల కుర్రవాళ్లలో బెంగళూరు పోయినవాళ్లను వదిలేసి, ఉన్నవాళ్లను మాత్రమే అడిగితే ‘ఈ తరం వ్యవసాయాన్ని బాగానే పట్టుకుంది’ అని తేలుతుంది. ఎనభై ఏళ్లవాళ్లను అడిగితే ‘అప్పటివాళ్లు ఎంత గట్టివాళ్లో’ అని తేలుతుంది. గట్టిగా లేనివాళ్లు జవాబు చెప్పడానికి మిగల్లేదు.

పాప చెప్పే ‘జెన్ జీ’ మాటేమిటి?

అవి అమెరికా గీతలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడ 1946 నుంచి 1964 దాకా కాన్పులు బాగా పెరిగాయి కాబట్టి ఆ ఏళ్లలో పుట్టినవాళ్లకు ‘బూమర్లు’ అని పేరొచ్చింది. ఆ పేరుకు కనీసం ఒక కారణం ఉంది. తర్వాతి పేర్లకు అంత గట్టి కారణం లేదు, పదిహేను పదహారేళ్లకొక గీత గీసుకుంటూ పోయారు. 1997లో పుట్టినవాళ్ల నుంచి జెన్ జీ అని గీత గీసిన ప్యూ పరిశోధన సంస్థే, సమాజ శాస్త్రజ్ఞుల విమర్శల తర్వాత, ఈ పేర్లను ఇక ఆచితూచి వాడతామని, ఒకే వయసులో కొలిచిన పాత లెక్కలుంటేనే తరాలను పోలుస్తామని 2023లో ప్రకటించింది.

పలమనేరుకు గీతలు గీయాలంటే నేనైతే 1983 బియ్యం దగ్గర ఒకటి, బెంగళూరు దారి బతుకుదారిగా మారినప్పుడు ఒకటి, 2016లో చౌక డేటా వచ్చి ప్రతి చేతిలో ఫోను వెలిగినప్పుడు ఒకటి గీసి చూస్తాను. చివరిదాని మీద నాకే అనుమానం. ఫోను పాపకూ అవ్వకూ ఒకేసారి వచ్చింది. మీ అత్తగారు మధ్యాహ్నం ఎంతసేపు యూట్యూబ్ చూస్తారో మీకే తెలుసు.

మీరే చూడాలనుకుంటే

పెద్ద సర్వేలు అక్కర్లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం వచ్చింది. వ్యవసాయం మాటలను జిల్లాజిల్లా తిరిగి రైతుల నోట విని కూర్చిన పుస్తకం. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల మాటలు, నాగలి భాగాలు, కొలతలు. అందులోంచి ఒక ఇరవై మాటలు ఎంచుకొని మీ పాప చేత ఊళ్లో ముప్పై, యాభై, డెబ్బై ఏళ్లవాళ్లను అడిగించండి. ‘తెలుసా’ అని అడిగితే అందరూ తెలుసంటారు, ‘అదేంది, చూపించు’ అని అడగాలి. బోరుబావి వచ్చాక పుట్టినవాళ్లకు కపిల మాట రాకపోవడం వాళ్ల బద్ధకం కాదు, వాళ్లు పెరిగేటప్పుడు ఆ వస్తువే లేదు. ఏ ఏట పుట్టినవాళ్ల దగ్గర మాట ఆగిపోయిందో కాగితం మీదే కనిపిస్తుంది. ఆడవాళ్లను, మగవాళ్లను, భూమి ఉన్నవాళ్లను, కూలికి పోయినవాళ్లను వేరువేరుగా రాసుకోండి, మాట ఆగిన ఏడాది వాళ్లకు వాళ్లకు తేడా రావచ్చు. అడిగిన తేదీ, అడిగిన మాట ఉన్నదున్నట్టు, చెప్పినవాళ్లు పుట్టిన ఏడాది పక్కనే ఉండాలి. 2045లో ఇంకెవరైనా అదే ప్రశ్నను అదే వయసువాళ్లకు వేయాలంటే వాళ్లకు కావలసినవి ఆ మూడే.